28 కిలోల ఇసుక: కడిగి, ఆరబెట్టి, దాచి, మళ్లీ తొట్టెలో పోసేదాకా నా అనుభవం

2025 మే 31కల్లా కూకట్‌పల్లి ఫ్లాటు ఖాళీ చేసి బాచుపల్లికి మారాలి. కొత్త ఇంట్లో చిన్నాచితకా మరమ్మతులు, మా చిన్నాడి స్కూలు గొడవ, అన్నీ ఒక దారికొచ్చేదాకా అక్వేరియం పెట్టే వీలు లేదు. ఆరు నెలలు పట్టొచ్చని మా ఆయనా నేనూ ముందే అనుకున్నాం. మూడడుగుల తొట్టె, స్టాండు ఏదో మూలన పడి ఉంటాయి. చేపల్ని, నడుస్తున్న ఫిల్టర్‌తో సహా, మియాపూర్‌లో ఉండే ఫ్రెండ్ తీసుకుంటానంది. మిగిలింది ఇసుక.

"పారేసి కొత్తది కొనుక్కో" అని చెప్పనివాళ్లు లేరు. షాపులో కిలో 45 రూపాయలకు వచ్చేది, నిజమే. కానీ నా దగ్గరున్నది షాపు ఇసుక కాదు. 2019 వేసవిలో ధవళేశ్వరంలో మా నాన్న గోదావరి ఇసుకను డాబా మీద ఆరబోసి, పెద్ద కళ్ల జల్లెడలో పట్టి గులకలు తీసి, మళ్లీ పిండి జల్లెడలో పట్టి దుమ్ము తీసి, రెండు బియ్యం సంచుల్లో కట్టి రైల్లో తెచ్చి ఇచ్చాడు. అప్పుడు తూకం వేస్తే 28 కిలోలు. ఇప్పుడాయన మోకాళ్లు అరిగిపోయి మెట్లెక్కడమే కష్టంగా ఉంది. ఆ పని మళ్లీ చేయమని అడగలేను, చేస్తానన్నా చేయనివ్వను. అందుకని ఇసుకను పారేసే ఆలోచన నాకు ఒక్క నిమిషం కూడా రాలేదు. ఎలా దాచాలో మాత్రం తెలియదు. తెలియక చేసిన తప్పులే ఇందులో సగం ఉంటాయి.

మే 17 శనివారం చేపలు వెళ్లిపోయాయి. ఇసుక కదపకముందే చేపల్ని తీసేయడం మంచిదైంది. ఎందుకంటే మర్నాడు పొద్దున నీళ్లు మూడొంతులు తోడేసి, చెక్క మొద్దు పక్కకు జరిపి మగ్గుతో మొదటి ముంత ఇసుక తీయగానే గుప్పుమని కుళ్లిన కోడిగుడ్డు వాసన కొట్టింది. పైన బంగారు రంగులో ఉన్న ఇసుక, మొద్దు కింద అరచేయంత మేర బొగ్గులా నల్లగా ఉంది. గాలి ఆడనిచోట అలా అవుతుందని చదివాను గానీ నా తొట్టెలో ఉంటుందనుకోలేదు. భయపడి ఆ నల్ల ఇసుకను వేరే గిన్నెలో పెట్టాను, పారేద్దామని. సాయంత్రానికి చూస్తే పైపైన మామూలు రంగులోకి తిరిగింది. వేలితో కెలికితే లోపల ఇంకా నలుపు, అది కూడా మర్నాటికి పోయింది. గాలి తగిలితే చాలట. రంగు చూసి పారేయనక్కర్లేదు.

ఒక మాట. ఇసుకతో ఉన్న తొట్టెను అలాగే ఎత్తేద్దామని మా ఆయన ఒక చేయి వేశారు, నేను వద్దన్నాను. తడి ఇసుక బరువుకు అడుగు అద్దం వంగి, అతుకుల దగ్గర సిలికాన్ విడిపోవచ్చు. మగ్గుతో మొత్తం తీయడానికి రెండున్నర గంటలు పట్టింది. స్టీలు గరిటె వాడొద్దు, అద్దం గీసుకుపోతుంది. ప్లాస్టిక్ మగ్గు, చివర్లో స్పాంజి.

ఇక తప్పుల్లో మొదటిది. నడుము పడిపోయింది, రాత్రి ఎనిమిదైంది, వంట కాలేదు. తడి ఇసుకను అలాగే రెండు పాత బియ్యం సంచుల్లో పోసి, మూతి కట్టి బాల్కనీ మూలన పెట్టేశాను. నీళ్లు వాటంతటవే కారిపోతాయి, శనివారం కడుగుదాం అనుకున్నాను. పైగా ఇసుకను తడిగా ఉంచితే అందులోని మంచి బ్యాక్టీరియా (చేపల వ్యర్థాల్లోని విషాన్ని విరిచేది) బతికి ఉంటుందని ఎక్కడో చదివిన మాట బుర్రలో ఉంది. అది బతకాలంటే ఆక్సిజన్ ఉన్న నీళ్లు దాని మీదుగా పారుతూ ఉండాలి. మూతి కట్టిన సంచిలో అది కుదరదు.

సోమవారం నుంచి ఆఫీసు. గురువారం, అంటే మే 22 రాత్రి, ఇంటికొచ్చేసరికి తలుపు దగ్గరే వాసన. పై ఫ్లాటు ఆంటీ అప్పటికే రెండుసార్లు వచ్చి, ఎలుక ఏదైనా చచ్చిందేమో చూడమని మా చిన్నాడికి చెప్పి వెళ్లారట. సంచి మూతి విప్పితే ముఖం మీద కొట్టింది. ఇసుకలో పొడవాటి శంకుల్లాంటి చిన్న నత్తలు, ట్రంపెట్ స్నెయిల్స్ అంటారు, వందల్లో ఉండేవి. పగలు ఇసుకలోనే దూరి ఉంటాయి కాబట్టి అన్ని ఉన్నాయని నాకే తెలియదు. అవన్నీ లోపలే చచ్చిపోయాయి. నాలుగు రోజులకే ఇసుక మొత్తం నల్లబడింది. నాన్న ఇచ్చిన ఇసుకను నా చేత్తో పాడుచేశానని ఏడుపొచ్చింది. పది గంటలు దాటినా ఫోన్ చేశాను.

"తడిమీద మూట కట్టావా తల్లీ? వడ్లు తడిమీద మూట కడితే ఏమవుతాయి?"

"ముక్కిపోతాయి."

"మరి? ఇసుక ముక్కిపోదు, ఇసుకలో ఉన్న చెత్త ముక్కిపోయింది. చెత్త పోతే ఇసుక ఇసుకే. కడిగి ఆరబెట్టు. వడ్లనుకో, అంతే."

ఆ ఒక్క మాట పట్టుకునే మిగతాదంతా చేశాను.

మర్నాడు రాత్రి బాత్రూమ్‌లో మొదలుపెట్టాను. ఇది రెండో తప్పు, డబ్బులు పోయిన తప్పు. బకెట్‌లో సగం ఇసుక, పైపుతో నీళ్లు, చేత్తో కలిపి మురికి నీళ్లు పారబోయడం. ఎంత జాగ్రత్తగా వంచినా నీళ్లతో పాటు సన్న ఇసుక వెళ్తూనే ఉంటుంది. మూడు బకెట్లకే నీళ్లు నిలిచిపోయాయి. శనివారం ప్లంబర్ వచ్చి, జాలీ తీసి, లోపల వంపులో చేయి పెట్టి రెండు గుప్పిళ్ల ఇసుక తీసి నేల మీద పెట్టాడు. 700 రూపాయలు. ఇంటి ఓనర్‌కు విషయం తెలిసి, లోపల ఇంకెంత ఉందో అని అడ్వాన్సులోంచి ఇంకో 1000 పట్టుకున్నారు. ఎంత చెప్పినా వినలేదు. ఇల్లు ఖాళీ చేసే వారంలో డ్రైన్‌లో ఇసుక పోయడం నా తప్పే, వాదించే ఓపిక కూడా లేదు.

ఆ తర్వాత పనంతా మేడ మీదకు మార్చాను. వాచ్‌మన్ భార్య చూసి, "గా నీళ్లు ఊకె పారబోయకు మేడం, మా చెట్లకు పోస్త" అని రెండు డబ్బాలు తెచ్చింది. అది ఆరేళ్ల చేపల రెట్ట, కుళ్లిన ఆకులు, నత్తల గుజ్జు. మొక్కలకు అంతకంటే ఏం కావాలి? మొదటి రెండు కడుగుల నీళ్లన్నీ ఆమె తోటకూర మడికీ మల్లె కుండీలకూ పోయాయి. డ్రైన్ బెంగ పోయింది, నాకూ తృప్తిగా అనిపించింది.

మే 25న అమ్మ సామాన్లు సర్దడానికని ధవళేశ్వరం నుంచి వచ్చింది. నేను మేడ మీద బకెట్‌లో చేయి పెట్టి సుడి తిప్పుతుంటే కాసేపు చూసి, "అలా కాదే, గాలించాలి" అని పక్కకు జరిపింది. బకెట్ వద్దంది. వంటింట్లోంచి వెడల్పాటి అల్యూమినియం బేసిన్ తెచ్చి, రెండు చేతులకు సరిపడా ఇసుక మాత్రమే వేసి, మునిగేలా నీళ్లు పోసింది. బేసిన్‌ను రెండు అంచులూ పట్టుకుని ఒక పక్కకు ఒరిగించి, మణికట్లతో చిన్నగా ఆడించడం మొదలుపెట్టింది. బియ్యంలో రాళ్లు గాలించినప్పటి ఊపే. ఇసుక అంతా అడుగున ఒక పక్కకు చేరి పొరలు పొరలుగా జారుతోంది. పైన బురద రంగు నీళ్లలో నత్త గుల్లలు, ఆకు ముక్కలు, నల్లటి నూగు తేలి అంచు దగ్గరకు వస్తున్నాయి. సరిగ్గా అవి అంచు దాటే క్షణంలో బేసిన్ వంచుతోంది, ఇసుక అంచుకు చేరేలోపు మళ్లీ నిలబెడుతోంది. ఒక్క గింజ పోలేదు. నేను బకెట్‌లో ఎనిమిదిసార్లు కడిగినా రాని తేట, అమ్మ చేతిలో నాలుగుసార్లకే వచ్చింది. నాకు ఆ వాటం రావడానికి ఆ సాయంత్రమంతా పట్టింది.

సబ్బు, సర్ఫ్ దగ్గరకు రానివ్వలేదు. ఒకసారి తగిలితే ఇసుకలోంచి పోయిందో లేదో చెప్పలేం. కింద ఫ్లాటాయన బ్లీచింగ్ పౌడర్ కలిపితే వాసన ఒక్క దెబ్బతో పోతుందన్నారు. దానితో పాటు సున్నం కూడా వస్తుంది, అడుగున తెల్లగా పేరుకుంటుంది, నీటి గుణం మారిపోతుంది. చేపలకు జబ్బు చేసి చనిపోయి ఉంటే, సువాసన కలపని మామూలు ద్రవ బ్లీచ్‌లో నానబెట్టి, బాగా కడిగి, క్లోరిన్ పోయేదాకా ఆరబెట్టేదాన్నేమో. నా చేపలకు ఏ రోగమూ లేదు, అందుకని ఉత్త నీళ్లతోనే కడిగాను. ఉడకబెట్టమని కూడా ఎవరో చెప్పారు. గిన్నె అడుగున ఆవిరి పట్టి తడి ఇసుక పైకి చిమ్ముతుంది. చిన్నపిల్లాడున్న ఇంట్లో ఆ పని వద్దనుకున్నాను.

కడగడానికి రెండు సాయంత్రాలు, సుమారు 300 లీటర్ల నీళ్లు. ఆఖరి కడుగు నీళ్లు గాజు గ్లాసులో పట్టి చూస్తే అవతలి గోడ గడియారం ముళ్లు కనిపించాయి. అక్కడ ఆపేశాను.

కడగడమే కష్టమనుకున్నాను గానీ, అసలు కష్టం ఆరబెట్టడంలో ఉంది.

మామూలుగా హైదరాబాద్‌లో మే ఆఖరంటే మేడ మీద పరిచిన ఇసుక రెండు రోజుల్లో గలగలమనాలి. ఆ ఏడాది నైరుతి తొందరపడింది. మే 24నే కేరళను తాకింది. నేను 27న టార్పాలిన్ పరిచి ఇసుక పోస్తే మధ్యాహ్నానికి మబ్బు, మూడున్నరకు వాన. ఆఫీసులో కూర్చుని కిటికీలోంచి వాన చూస్తూ నాకు కలిగిన టెన్షన్ ఎవరికి చెప్పినా అర్థం కాదు. అమ్మ గొడుగు వేసుకుని పైకి వెళ్లి టార్పాలిన్ అంచులు మడిచి రాళ్లు పెట్టింది. అయినా కిలోదాకా మేడ తూముకు కొట్టుకుపోయింది.

మే 31న ఇసుక తడిగానే కొత్త ఇంటికి వెళ్లింది. ఈసారి సంచుల్లో కాదు, మూత లేని టబ్బుల్లో. పొడిగా 28 కిలోలు ఉన్నది తడితో ఎంత అవుతుందో నేను లెక్క వేసుకోలేదు. సామాన్లు ఎత్తే కుర్రాళ్లు ఒక టబ్బు ఎత్తబోయి దించేసి 300 ఎక్కువ అడిగారు. ఇచ్చాను. న్యాయంగానే అడిగారు.

జూన్ మొదటి వారం హాల్లోనే ఆరబోశాను. మొదట పేపర్లు పరిచాను. తడికి అవి నాని ముక్కలు ముక్కలుగా ఇసుకలో కలిసిపోయాయి, ఆ ముక్కలు ఏరడానికి ఒక రాత్రి పట్టింది. తర్వాత పాత నూలు దుప్పట్లు వేశాను. నూలు కింద నుంచి తడి పీల్చుకుంటుంది, పైన ఫ్యాను. మందం ఒక వేలి కణుపును మించకూడదు. మించితే పైన తెల్లగా పొడిగా కనిపిస్తుంది, వేలు పెడితే కింద చల్లగా తగులుతుంది. ఆ చలువే తడి. అమ్మ అటూ ఇటూ వెళ్లేటప్పుడల్లా, వడ్లు ఎండబోసినప్పుడు పాదాలతో చాళ్లు తీసినట్టు, కాళ్లు ఈడుస్తూ ఇసుకలో నడిచేది. తిరగబోయడానికి అంతకంటే సులువైన పద్ధతి లేదు. మా చిన్నాడికి అది ఆట అయిపోయి, స్కూలు తెరిచేదాకా రోజూ వాడే చాళ్లు తీశాడు. ఇల్లంతా ఇసుకే, మంచాల మీద కూడా. పది రోజులు భరించాం.

జూన్ 9 నుంచి వాన తెరిపిచ్చింది. మళ్లీ మేడ ఎక్కించాను. 11న సాయంత్రం వెళ్లి చూస్తే టార్పాలిన్ ఒక మూల ఇసుక గుంతలా తవ్వి, మళ్లీ పూడ్చినట్టుంది. పిల్లి. ఆరుబయట పొడి ఇసుక కనిపిస్తే పిల్లి వదులుతుందా? ఈ సంగతి ముందు నాకు తట్టకపోవడమే ఆశ్చర్యం. ఆ చుట్టూ మూరెడు మేర ఇసుకంతా, రెండు మూడు కిలోలు, పారేశాను. కడుగుదామా అని చాలాసేపు అక్కడే నిలబడి ఆలోచించాను, కానీ చేపల నీళ్లలో వేసేదానికి ఆ అనుమానం పెట్టుకోలేను. మర్నాటి నుంచి పాత దోమతెర కప్పి చుట్టూ ఇటుకలు పెట్టాను. మీరు మేడ మీద ఆరబోస్తే మొదటి రోజే కప్పండి.

ఆరిందో లేదో తెలుసుకోవడానికి నాన్న ఒక ఉపాయం చెప్పాడు. గుప్పెడు ఇసుక గాజు సీసాలో వేసి, మూత బిగించి, ఎండలో పెట్టాలి. గంట తర్వాత సీసా లోపలి గోడకు ఆవిరి పడితే ఇంకా తడి ఉన్నట్టే. జూన్ 15న చేత్తో పడితే జలజలా రాలిపోతోంది, పూర్తిగా ఎండిందని ప్రమాణం చేసేదాన్ని. ఊరగాయ సీసాలో వేసి పెడితే ముప్పావుగంటకే లోపల మంచు పట్టినట్టయింది, మూత తీస్తే అంచున నాలుగు చుక్కలు. ఆ రోజే బకెట్‌లో పోసి మూత పెట్టి ఉంటే మళ్లీ మొదటికొచ్చేది. ఇంకో వారం. జూన్ 22 ఆదివారం సీసా తేటగా ఉంది. తొట్టెలోంచి తీసిన రోజు నుంచి సరిగ్గా ఐదు వారాలు.

అదే రోజు జల్లించాను. ముక్కుకు మాస్కు తప్పనిసరి. పొడి ఇసుక జల్లిస్తే లేచే సన్న ధూళి ఊపిరితిత్తులకు మంచిది కాదు, మేడ మీద గాలికి వీపు పెట్టి కూర్చున్నాను. జల్లెడలో మిగిలిన వాటిని చూసి ఆశ్చర్యపోయాను. దోసెడు ఖాళీ నత్త గుల్లలు, ప్లాస్టిక్ మొక్క వేరు, మూడేళ్ల కిందట పోయిందనుకున్న థర్మామీటర్ రబ్బరు బిళ్ల. గుల్లల మీద వెనిగర్ చుక్క వేస్తే బుస్సుమని పొంగింది, ఇసుక మీద వేస్తే ఏమీ లేదు. అంటే ఇసుకలో సున్నం లేదు, గుల్లలన్నీ ఏరేస్తే చాలు.

ఇంకొకటి అనుకోకుండా తెలిసింది. తొట్టె అద్దం తుడిచే అయస్కాంతం పక్కన పెడితే మా చిన్నాడు దాన్ని ఇసుకలో దొర్లించాడు. తీస్తే గొంగళి పురుగులా నల్లటి వెంట్రుకలు మొలిచినట్టు దాని చుట్టూ గింజలు నిలబడి ఉన్నాయి. గోదావరి ఇసుకలో ఇనుము ఉన్న నల్ల గింజలు ఉంటాయి, నది మహారాష్ట్రలో నల్లరాతి నేల మీదుగానే కదా వచ్చేది. నా పాత తొట్టె అద్దం మీద ఆరేళ్లుగా పడుతున్న సన్న గీతలు ఎక్కడివో అప్పుడు అర్థమైంది. ఆ గింజలు అయస్కాంతానికి అంటుకుని, నేను తుడిచినప్పుడల్లా అద్దాన్ని గీసేవి. అయస్కాంతానికి ప్లాస్టిక్ కవరు తొడిగి ఇసుక మొత్తం మీద తిప్పాం. కవరులోంచి అయస్కాంతం లాగేస్తే గింజలు వాటంతటవే రాలిపోతాయి. రెండు గంటల్లో టీ గ్లాసు నిండా వచ్చాయి. వాడు ఇప్పటికీ ఆ గ్లాసు దాచుకున్నాడు.

లగేజీ తూకానికి వేలాడదీస్తే 23 కిలోల 600 గ్రాములు. ఆరేళ్లలో చెత్తతో పాటు పోయింది, వానకు పోయింది, పిల్లికి పోయింది. 4 కిలోల పైచిలుకు తగ్గింది.

నిల్వకు మూత ఉన్న 10 లీటర్ల కొత్త బకెట్లు రెండు కొన్నాను, 360 రూపాయలు. పెయింటు డబ్బాలు ఊరికే వస్తాయని తీసుకోవద్దు. బియ్యం సంచులు పొడి ఇసుకకు పనికొస్తాయి గానీ ఎండ తగిలితే ఆ పీచు పొడిపొడిగా రాలి ఇసుకలో కలుస్తుంది. బకెట్ నిండా పోయలేదు, ఒక్కోదాంట్లో 12 కిలోల లోపే. అంతకు మించితే పిడి ఊడుతుంది, నడుమూ పడుతుంది. అమ్మ బియ్యం డబ్బాలో వేసినట్టు నాలుగు వేపాకులు వేస్తానంది. నేను వద్దన్నాను, వేప చేపలకు పడదు. పురుగు పట్టదా అని ఆమె అనుమానం. తిండి లేనిచోట పురుగు ఏం తింటుందమ్మా అన్నాను. కర్పూరం, నాఫ్తలీన్ ఉండలు అసలే వద్దు. మూత మీద టేపు అంటించి, తేదీ, బరువు, "కడిగి ఆరబెట్టిన చేపల ఇసుక, ఎవరూ వాడొద్దు" అని రాశాను. ఆ రాత వృథా పోలేదు. ఆగస్టులో బాత్రూమ్ టైల్స్ సరిచేయడానికి వచ్చిన మేస్త్రీ మూత తీసి, "ఇంత మంచి ఇసుక పెట్టుకుని బయట కొనమంటారేంటమ్మా" అన్నాడు. చదివి వినిపించాక మూత పెట్టేశాడు. అటక మీద పెట్టలేదు, నెత్తి మీద అంత బరువు వద్దని మెట్ల కింద పెట్టాను.

డబ్బు లెక్క చెప్పాలి. టార్పాలిన్ 350, బకెట్లు 360, జల్లెడ 120, మాస్కులు 20. మొత్తం 850. నా తప్పులకు పోయింది వేరు: ప్లంబర్ 700, ఓనర్ పట్టుకున్నది 1000, మోతకు 300. అది ఇంకో 2000. కొత్త ఇసుక 28 కిలోలు కొంటే 1260 అయ్యేది. తప్పులు చేయకపోతే నాలుగొందలు మిగిలేవి, చేశాను కాబట్టి పదహారు వందలు చేతినుంచి పడ్డాయి. డబ్బు కోసమే అయితే ఐదు వారాలు ఈ పని చేయొద్దనే చెప్తాను.

దసరా, దీపావళి అయ్యాక, నవంబర్ 9 ఆదివారం బకెట్ తెరిచాను. నాలుగున్నర నెలలు. మూత తీస్తూ ఊపిరి బిగబట్టాను, మేలోని ఆ రాత్రి ఇంకా ముక్కులోనే ఉంది. ఏ వాసనా లేదు. చేయి పెడితే లోపలిదాకా గోరువెచ్చగా, పొడిగా ఉంది. వెంటనే వీడియో కాల్ చేసి నాన్నకు చూపించాను. గుప్పిట్లోంచి రాల్చి చూపించమన్నాడు. రెండుసార్లు రాల్పించుకున్నాడు.

ఎంత కడిగి దాచినా మళ్లీ నాలుగుసార్లు గాలించాల్సి వచ్చింది. గింజకు గింజ ఒరుసుకుని దుమ్ము పుడుతుంది కాబోలు. పొడి ఇసుక నేరుగా నీళ్లలో పోస్తే కొంత మునగనే మునగదు, తెట్టులా పైన తేలుతుంది. కొంత గాలి బుడగలతో సహా కిందకు దిగి, రెండు రోజులదాకా బుడబుడమంటూ ఉంటుంది. అందుకని ముందే తడిపి తొట్టెలో పరిచి, దాని మీద అన్నం పళ్లెం పెట్టి, పళ్లెంలోకి నీళ్లు పోశాను. అయినా మజ్జిగ తేటలా మసకగా మిగిలింది. మూడో రోజు పొద్దుటికి తేటపడింది.

ఆరో రోజు, చేపలకు విషమైన అమ్మోనియా ఉందేమోనని పరీక్ష చేస్తే, సున్నా ఉండాల్సింది 0.5 చూపించింది. చేపలే లేవు, ఎక్కడిదా అని కంగారుపడ్డాను. ఎంత తేటగా కడిగినా గింజల పగుళ్లలో మిగిలిన చచ్చిన నూగు నీళ్లు తగలగానే మళ్లీ కుళ్లడం మొదలుపెడుతుంది. అలా పుట్టిన అమ్మోనియాను తినే బ్యాక్టీరియా ఎండిన ఇసుకలో దాదాపు మిగిలి ఉండదు. ఇసుక పాతదైనా తొట్టె కొత్తదే, అన్నీ మొదటినుంచి. ఫ్రెండ్ దగ్గర ఆరు నెలలు ఆగకుండా నడిచిన, ఆ బ్యాక్టీరియా ఉన్న నా పాత స్పాంజి ఫిల్టర్ తెచ్చి పెట్టాక పది రోజుల్లో అమ్మోనియా, దాన్నుంచి పుట్టే నైట్రైట్ రెండూ సున్నాకు వచ్చాయి. ఇంకో రెండు వారాలు ఆగాను. తొందర లేదు, ఆరు నెలలు ఆగినదాన్ని.

డిసెంబర్ 14న చేపలు వచ్చాయి. ఆరు కోరీల్లో (అడుగున ఇసుకలో మేసే మీసాల చిన్న చేపలు) ఒకటి అక్టోబర్‌లో పోయిందట, ఫ్రెండ్ చెప్పడానికి మొహమాటపడింది. ఐదు వచ్చాయి. ఆమె తొట్టెలో అంతా లావు గులకరాళ్లు, అక్కడ వీటి మీసాలు కొంచెం పొట్టిబారాయి. కవరు నీళ్లూ తొట్టె నీళ్లూ కలుపుతూ ముప్పావుగంట కూర్చుని, వదిలాను.

మొదట ఐదూ మొద్దు కింద నక్కాయి. లైటు ఆర్పేసి, నేల మీద కూర్చుని టార్చి పక్కకు తిప్పి చూస్తున్నాం, నేనూ మా చిన్నాడూ. పావుగంటకు ఒకటి బయటికొచ్చింది. ఇసుక మీద మీసాలు ఆనించి, ఆగి, ఒక్కసారిగా కళ్లదాకా ముఖం ఇసుకలో దూర్చింది. నోటినిండా తీసుకుని నములుతున్నట్టు దవడలు ఆడించింది. చెంపల పక్కన మొప్పల్లోంచి రెండు వైపులా సన్నటి ఇసుక ధారలు జాలువారాయి. జల్లిస్తోంది. మా చిన్నాడు తాతకు ఫోన్ చెయ్యి అని నా చేయి లాగుతున్నాడు.